లెబానోను ద్రాక్షారసపు వాసన: హోషేయ 14:7, కోనసీమ సంఘపు గిన్నె

కొన్ని సంవత్సరముల క్రిందట మే నెలలో ఒక ఆదివారము మా సంఘములో ప్రభు భోజనము జరుగుచుండగా ఒక సహోదరుడు గిన్నెను పెదవుల దాకా తెచ్చుకొని, త్రాగకుండ తిరిగి పళ్లెములో పెట్టెను. ఆరాధన ముగిసిన తరువాత నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, అందులో ఆ వాసన వచ్చిందండి" అని నెమ్మదిగా చెప్పెను. ఆయన త్రాగుడు మానివేసి అప్పటికి పదకొండు నెలలు. నేను వెంటనే వెళ్లి సీసా మూత తీసి చూచితిని. శుక్రవారమునాడు నల్లద్రాక్షలు పిండి, వడకట్టి, కాచకుండ ఉంచిన రసమది. రెండు రాత్రులు కరెంటు సరిగా లేదు. పైన నురుగు కట్టి, రసము పులిసియున్నది. కాచి ఉంచమని చెప్పవలసినవాడను నేను, చెప్పలేదు.

ఆ సాయంకాలపు కూటమునకు నేను సిద్ధపరచుకొన్న పాఠము హోషేయ గ్రంథము 14వ అధ్యాయము. దేవునియొద్దకు తిరిగి వచ్చిన ప్రజలు లెబానోను ద్రాక్షారసము వాసనవలె ఉందురని 7వ వచనములో ప్రవక్త చెప్పుచున్నాడు. ఉదయము ఒక మనిషి ఏ వాసన వలన గిన్నెను క్రింద పెట్టెనో, అదే వాసనను సాయంత్రము నేను వాగ్దానముగా ప్రకటింపవలసి వచ్చినది. ఆ రాత్రి పాఠము చెప్పితిని గాని, ఆ వచనము వచ్చినప్పుడు దానిని దాటవేసితిని. తరువాత చాలా కాలము ఆ వచనము నన్ను విడువలేదు. లెబానోను ద్రాక్షారసము అనగా ఏమి? అది ఎట్టి నేలలో పుట్టును? దానిని ఏ భోజనముతో కూడ పుచ్చుకొందురు? ద్రాక్షతోట కంటికి కానరాని కోనసీమలో దానిని ఎట్లు బోధించవలెను? చదివి తెలిసికొన్నంత మట్టుకు ఇక్కడ వ్రాయుచున్నాను. ముందే ఒక మాట: నేను దానిని రుచి చూచినవాడను కాను. రుచిని గూర్చి వ్రాయునదంతయు ఎరిగినవారు చెప్పిన మాటయే.

వాసనయా, జ్ఞాపకమా?

ఈ వచనములో మన తెలుగు బైబిలు "వాసన" అను అర్థమును తీసికొన్నది. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదము కూడ అంతే. అయితే హెబ్రీ మూలములో (అక్కడ ఇది 8వ వచనము) ఉన్న మాట "జేఖెర్". దాని మొదటి అర్థము జ్ఞాపకము, పేరు. నిర్గమకాండము 3:15లో దేవుడు తన నామమును తరతరములకు జ్ఞాపకార్థమని చెప్పినచోట వాడిన మాట ఇదే. గ్రీకు సెప్టువజింతు అనువాదకులు కూడ హోషేయలో "మ్నేమోసునోన్", అనగా జ్ఞాపకచిహ్నము అనియే అనువదించిరి. కాబట్టి కొన్ని ఆధునిక అనువాదములు దీనిని "వారి కీర్తి లెబానోను ద్రాక్షారసపు కీర్తివంటిది" అను భావముతో ఇచ్చుచున్నవి.

మరి మన అనువాదకులు పొరబడిరా? అట్లు అనలేము. పై వచనములోనే లెబానోను సువాసన ప్రస్తావన కలదు. అక్కడ హెబ్రీలో కూడ వాసన అను మాటయే ఉన్నది. అదియుగాక, లేవీయకాండము 2:2లో నైవేద్యములో నుండి సాంబ్రాణితో కలిపి దహించు భాగమునకు "అజ్కారా" అని పేరు. అదియు ఇదే ధాతువునుండి పుట్టినది. జ్ఞాపకముగా అర్పించునది పొగయై, సువాసనయై పైకి లేచును. హెబ్రీ మనస్సులో జ్ఞాపకము, వాసన ఒకదానికొకటి దూరపు సంగతులు కావు. మనకును అంతే గదా. పనసపండు కోసిన వాసన రాగానే చిన్ననాటి ఇల్లు గుర్తుకు వచ్చును. ఆ సహోదరునికి పులిసిన వాసన రాగానే సారా కొట్టు గుర్తుకు వచ్చినది.

హోషేయ త్రాగుడును ఎరుగనివాడు కాడు. ద్రాక్షారసము బుద్ధిని హరించునని 4:11లోను, రాజుగారి ఉత్సవ దినమున అధిపతులు ద్రాక్షారసపు వేడిచేత వ్యాధిగ్రస్తులైరని 7:5లోను, ధాన్యము కొరకు, ద్రాక్షారసము కొరకు పడకలమీద కేకలు వేయుదురని 7:14లోను చెప్పినవాడు ఇతడే. అట్టివాడే తన గ్రంథపు చివర, తిరిగివచ్చిన జనుల కొరకు ఉపమానము వెదకినప్పుడు లెబానోను ద్రాక్షారసమును ఎన్నుకొనెను. త్రాగుడు చేసిన నాశనమును కన్నులార చూచినవాడు ఈ ఉపమానమును చెప్పెను గనుక దానిని తేలికగా తీసివేయలేము.

ఆ నేల, ఆ ద్రాక్ష

లెబానోను అను పేరు "తెలుపు" అను అర్థమిచ్చు ధాతువునుండి వచ్చినది. యిర్మీయా 18:14లో చెప్పబడిన ఆ కొండల మంచే దానికి కారణమని సాధారణముగా చెప్పుదురు. సముద్రము ప్రక్కన లెబానోను పర్వతశ్రేణి, తూర్పున సిరియా సరిహద్దున ఎదురు లెబానోను శ్రేణి. రెంటి మధ్య సుమారు 120 కిలోమీటర్ల పొడవున బెకా లోయ ఉన్నది. యెహోషువ 11:17లోని "లెబానోను లోయ" అను మాటకు హెబ్రీలో "బిక్అత్ హల్లెబానోన్" అని ఉన్నది. బిక్అ, బెకా ఒకే మాట. దక్షిణముగా లితానీ నది, ఉత్తరముగా ఒరొంతెసు నది ఈ లోయలోనుండియే పారుచున్నవి.

మన సీమయు రెండింటి మధ్యనున్నదే. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, మధ్యలో వైనతేయతో, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి కోనసీమ. పోలిక అంతటితో సరి. మన నేల సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తున ఉండగా, బెకా లోయ సుమారు 900 మీటర్లు, అంతకు మించిన ఎత్తున ఉన్నది. వానలు మనకు వేసవి దాటిన తరువాత వచ్చును, అక్కడ చలికాలములో వచ్చును. వేసవి అంతయు ఎండ, రాత్రి చల్లదనము. ద్రాక్షతీగెకు చలికాలపు నిద్ర కావలెను; పండు పండునప్పుడు వాన ఉండకూడదు. అందుచేత కొబ్బరికి స్వర్గమైన మన గాలి ద్రాక్షకు పనికిరాదు. హైదరాబాదు చుట్టుప్రక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి తోటలు ప్రసిద్ధిగాని, అమలాపురము బజారులో మనము కొను ద్రాక్షలు ఎక్కువగా మహారాష్ట్రనుండి లారీలలో వచ్చునవే.

లెబానోను ద్రాక్షారసపు కీర్తి హోషేయ కాలమున ఎంతటిదో చూపు సాక్ష్యము సముద్రపు అడుగున దొరకినది. 1999లో అష్కెలోను తీరమునకు దూరముగా, సుమారు 400 మీటర్ల లోతున, మునిగిపోయిన రెండు ఫేనీకే ఓడలను రాబర్ట్ బల్లార్డ్, లారెన్స్ స్టేగర్ బృందము పరిశీలించెను. అవి క్రీస్తుపూర్వము 8వ శతాబ్దమువి, అనగా హోషేయ ప్రవచించిన శతాబ్దమే. వందలకొలది మట్టి జాడీలు వరుసలుగా పడియున్నవి. జాడీల లోపల చెట్టు బంక పూత, ద్రాక్షారసపు ఆనవాళ్లు కనబడినవి. బంక పూసిన జాడీలోని రసమునకు దేవదారు జాతి చెట్ల వాసన పట్టియుండునని ఊహింపవచ్చును. ప్రవక్త వాసన అనినను, కీర్తి అనినను, ఆ జాడీ మూత తీసినప్పుడు రెండును కలిసే వచ్చియుండును.

సీదోనుకు దక్షిణమున తెల్ ఎల్-బురాక్ అనుచోట క్రీస్తుపూర్వము 7వ శతాబ్దపు ద్రాక్షగానుగ ఒకటి బయటపడినది. పగిలిన కుండపెంకులను దంచి సున్నములో కలిపి దాని తొట్టికి గట్టి పూత పూసిరని 2020లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. యెహెజ్కేలు 27:18లో తూరు వర్తకములో వినబడు హెల్బోను ద్రాక్షారసము మాత్రము దమస్కు వైపుది, ఎదురు లెబానోను కొండలది. విద్యార్థులు ఈ రెంటిని కలిపివేయకూడదు. రోమీయుల కాలమునకు బెకాలోని బాల్బెక్‌లో ద్రాక్షారసపు దేవతయని వారెంచిన బాకసు పేరిట పిలువబడు గొప్ప గుడి లేచెను. అది నేటికిని నిలిచియున్నది.

ఇప్పటి కథ మన వృత్తివారితోనే మొదలైనది. 1857లో జెస్యూట్ సన్యాసులు జాహ్లే పట్టణము దగ్గర క్సారా అనుచోట ఫ్రెంచి పద్ధతిలో ద్రాక్షారసము చేయనారంభించిరి. రోమీయుల నాటివని చెప్పబడు సొరంగములు అక్కడ వారికి గిడ్డంగులైనవి. 1973లో వారు దానిని అమ్మివేసిరి. షాతో క్సారా పేరుతో అది ఇప్పటికిని నడుచుచున్నది. 1930లో గాస్టన్ హోషార్ స్థాపించిన షాతో ముసార్ లోకప్రసిద్ధమైనది. దాని తోటలు బెకాలో, గానుగ మాత్రము కొండలకు ఇవతల సముద్రమువైపున గజీర్ ఊరిలో. కాబట్టి ప్రతి సంవత్సరము కోత పంట లారీలలో కొండ దాటి రావలెను. 1975 నుండి 1990 వరకు జరిగిన అంతర్యుద్ధములో ఆ దారి యుద్ధరంగము. 1976లో వారు అసలు ద్రాక్షారసము చేయలేకపోయిరి. 1984లో లారీలు చుట్టుదారులు తిరిగి ఆలస్యముగా చేరగా, పండ్లు దారిలోనే పులియనారంభించినవి. గాస్టన్ కుమారుడు సెర్జ్ హోషార్ ఆ సంవత్సరపు రసమును పారబోయలేదు, ఉంచెను. ఆయన 2014లో మరణించెను. ఆ లోయకు శాంతి ఇంకను రాలేదు. 2024లో కూడ కోత కాలపు దినములలోనే బెకామీద బాంబులు పడినవి.

ముసార్ ఎర్ర ద్రాక్షారసము మూడు ద్రాక్షల కలయిక: కాబెర్నే సోవిన్యోన్, కారిన్యాన్, సాన్‌సో. వేరువేరుగా పులియబెట్టి, ఓక్ చెక్క పీపాలలో ఉంచి, తరువాత కలిపి, సీసాలలో నిలువచేసి, కోత జరిగిన ఏడవ సంవత్సరమున గాని అమ్మకమునకు విడువరు. ఎండు అంజూరము, దేవదారు చెక్క, తోలు, మసాలా దినుసుల వాసనలు అందులో ఉండునని ఎరిగినవారు చెప్పుదురు. వాటితోపాటు కొంచెము చిరకా ఛాయ కూడ ఉండునట. దానిని కొందరు నిపుణులు దోషమనిరి, కొందరు అందుకే దానిని ప్రేమించిరి. లెబానోను వాసన నేటికిని ఏకాభిప్రాయము లేని వాసన!

ఏ భోజనముతో?

కోనసీమ స్త్రీలు అనేకులు గల్ఫు దేశములలో వంటపనులు చేసి వచ్చినవారు. మా సంఘములో ఒక సహోదరి కువైటులో ఒక లెబానోను కుటుంబమువారి ఇంట తొమ్మిది సంవత్సరములు వండెను. నాకు ఈ విషయములో మొదటి గురువు ఆమెయే. కువైటులో మద్యము పూర్తిగా నిషేధము గనుక ఆమె ద్రాక్షారసమును చూడలేదు గాని, దానితో కూడ తినదగిన భోజనమంతయు ఆమె చేతిమీదుగా జరిగినదే. గొఱ్ఱెమాంసమును నూకవంటి గోధుమలతో కలిపి దంచి చేయు కిబ్బె, ఇనుప చువ్వకు గ్రుచ్చి నిప్పులమీద కాల్చిన మాంసము, శనగల ముద్దయైన హుమ్ముస్, కొత్తిమీరవంటి ఆకును సన్నగా తరిగి చేయు తబ్బూలె, నీరు వార్చిన గట్టి పెరుగు, ఒలీవలు. "కారం ఉండదండి, నూనె మాత్రం ధారపోస్తారు" అని ఆమె మాట.

కాల్చిన గొఱ్ఱెమాంసము, కిబ్బె ఎర్ర ద్రాక్షారసమునకు తగిన జోడీ అని ఎల్లరును చెప్పుదురు. కారణము వగరు. ఎర్ర ద్రాక్షారసమును తొక్కలతో, గింజలతో కలిపి పులియబెట్టుదురు గనుక ఆ వగరు రసములోనికి దిగును. జీడిమామిడి పండు కొరికినప్పుడు నాలుక పట్టుకొనిపోవునే, అట్టిదే. వగరు పదార్థము మన లాలాజలములోని మాంసకృత్తులతో కలియుటచేత నోరు ఎండినట్లుండును. కొవ్వు మాంసము తినునప్పుడు ఆ వగరు మాంసముతో కలిసి మెత్తబడును. రసమేమో నోటిలోని కొవ్వును కడుగును.

యెషయా 25:6 చదువునప్పుడు ఇది గుర్తుంచుకొనదగినది. సైన్యములకధిపతి సమస్త జనములకు చేయు విందులో క్రొవ్వినవాటిని, మడ్డిమీద నిలిచిన పాత ద్రాక్షారసమును ఒకే పంక్తిలో వడ్డించుచున్నాడు. హెబ్రీలో ఆ రెండు మాటలు షెమానీమ్, షెమారీమ్. ఒక్క అక్షరమే భేదము. దానిని ప్రవక్త చేసిన శబ్దాలంకారమని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు, అది నిజమే. అది భోజనమెరిగినవాని మాట కూడ.

మరి మన భోజనముతో? అడుగకుండ ఉండలేను గదా. మిరపకారము మీద ఎర్ర ద్రాక్షారసము పడినచో మంట హెచ్చును. పులస పులుసుతో అసలు పొసగదు: ఎర్ర ద్రాక్షారసములోని ఇనుము చేపలోని నూనెలను తాకి నీచు వాసన పుట్టించునని జపానుకు చెందిన పరిశోధకులు 2009లో తేల్చిరి. కారము తగ్గించి కొబ్బరిపాలతో వండిన మాంసము కొంతవరకు సరిపోవచ్చును. పులుసుకు మజ్జిగే చాలును. ఆ లోయ రసమును ఆ లోయవారి భోజనము కొరకు దేవుడు పుట్టించెను. కీర్తన 104:15లో ద్రాక్షారసము, నూనె, ఆహారము కలిసి వచ్చుట గమనించుడి. బైబిలులో మంచి ద్రాక్షారసము బల్లమీద, అన్నముతో, నలుగురితో ఉన్నది. కొట్టు గోడ ప్రక్కన నిలువబడి ఒంటరిగా త్రాగు పాకెట్టు సారాకు ఆ బల్లమీద చోటు లేదు.

మన గిన్నె

ఇక్కడ మన భాషలోని చిక్కు ఒకటి చెప్పవలెను. కోనసీమలో పసిపిల్లవానికి కూడ నీరాకు, కల్లుకు భేదము తెలియును. చెట్టు ఒకటే, కుండ ఒకటే. సున్నము పూసిన కుండలో తెల్లవారకముందు దింపినది నీరా, ఎండెక్కిన తరువాత అదే కల్లు. రెంటికి రెండు మాటలు. హెబ్రీలో కూడ పులిసిన దానికి "యయిన్" అనియు, క్రొత్త పంట రసమునకు "తీరోష్" అనియు రెండు మాటలున్నవి (తీరోష్ కూడ కొన్నిచోట్ల మత్తునిచ్చునదే). మన బైబిలులో చాలా చోట్ల రెండును ద్రాక్షారసమే. కాబట్టి కానా వివాహము చదివినప్పుడు ఒకడు షర్బత్తు అనుకొనును, మరియొకడు బ్రాందీ అనుకొనును. ఒక పెండ్లిలో ఆ భాగము చదివిన తరువాత ఒక తల్లి నన్ను నిలదీసి, "మా ఆయనకి ఇంక ఏం చెప్పనండి" అని అడిగెను. ఆమెకు నేను వ్యాకరణము చెప్పలేదు.

మన స్త్రీల కన్నీళ్ల చరిత్ర చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమము రాష్ట్రమంతటిని కదిలించెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో అది సడలిపోయెను. ఈ నేపథ్యములో గిన్నెను గూర్చి మాట్లాడవలెను.

కొందరు సహోదరులు పస్కాలో పులిసినది నిషేధము గనుక ప్రభువు పులియని రసమునే వాడెనని బోధించుదురు. వారి ఉద్దేశము మంచిదే గాని వాదము నిలువదు. యూదుల సంప్రదాయములో ఆ నిషేధము ధాన్యపు పిండికి సంబంధించినది, ద్రాక్షకు కాదు. పైగా ద్రాక్షకోత వేసవి చివర, పస్కా వసంతములో. ఆరేడు నెలలు రసము పులియకుండ నిలువదు. చిక్కని పాకముగా కాచి నిలువచేయు పద్ధతి వారికి తెలియును. లెబానోనులో నేటికిని ద్రాక్షపాకము చేయుదురు. పస్కా గిన్నె మాత్రము నీళ్లు కలిపిన ద్రాక్షారసము. మిష్నాలో గిన్నెను "కలుపుట" అనియే ఉన్నది. కొరింథులో ప్రభువు బల్లయొద్ద కొందరు మత్తులగుట (1 కొరింథీ 11:21) పానకముతో సాధ్యము కాదు.

అయినను, ప్రభురాత్రి భోజన వృత్తాంతములు నాలుగింటిలో ద్రాక్షారసమునకు గ్రీకులోని సాధారణ పదమైన "ఒయ్‌నోస్" ఒక్కసారియైనను లేదు. "గిన్నె" అనియు, "ద్రాక్షావల్లి ఫలము" అను భావమిచ్చు మాటయు ఉన్నవి. తెలుగులో ఈ వ్యత్యాసము కనబడదు. పులియని రసమును వాడువారికి ఇది చాలినంత ఆధారమని నా అభిప్రాయము. రోమను కథోలిక సంఘము ద్రాక్షనుండి పులిసిన సహజ రసమునే కోరును. వారి కారణములు వారికున్నవి. 1869లో అమెరికాలోని వైన్‌లాండ్ ఊరిలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు విశ్వాసి, పాశ్చర్ చూపిన వేడి పద్ధతిని ద్రాక్షరసమునకు ప్రయోగించి ప్రభు భోజనము కొరకు పులియని రసమును సీసాలలో నిలువచేసెను. అంతకు ముందు, అనగా 1836లో బౌడెన్, బీర్ మిషనరీలు ఈ డెల్టాకు బయలుదేరి వచ్చిన నాటికి, ఈ సదుపాయము లోకములో ఎక్కడను లేదు. వారు నాటిన సహవాసములలో రొట్టె విరుచుట ప్రతి ఆదివారమును జరుగును గనుక, ఈ సమస్య వారికి నెలకొకసారి కాదు, వారము వారమును ఉన్నది.

పని ఎట్లు చేయవలెనో చెప్పెదను. ద్రాక్ష తొక్కమీదనే పులియజేయు సూక్ష్మజీవులుండును. మన వేసవిలో ఒకటి రెండు దినములు చాలును. పిండి వడకట్టిన రసమును అదే పూటకాచి, పొంగు వచ్చుటకు ముందే దించి, వేడినీళ్లతో కడిగిన సీసాలో వేడిగానే నింపి మూత బిగించవలెను. ద్రాక్ష దొరకని నెలలలో ఎండుద్రాక్షను కడిగి, నానబెట్టి, ఉడికించి వడకట్టుట మేలు. రంగునీళ్ల షర్బత్తులు వద్దు. ద్రాక్ష ఫలము ఉండవలెను. కాపరి ఆదివారము ఉదయము మూత తీసి తానే వాసన చూడవలెను.

ఆ సహోదరుడు తరువాత రెండు నెలలు రొట్టె మాత్రమే పుచ్చుకొని గిన్నెను ప్రక్కవానికి అందించెను. నేను బలవంతము చేయలేదు. ఆ మధ్య ఒక సాయంత్రము ఆయన ఇంటి అరుగుమీద కూర్చుండి హోషేయ 14 మొదటినుండి ఇద్దరము చదివితిమి. ఈసారి 7వ వచనమును దాటవేయలేదు. "నా వాసన అలా ఉంటదంటారా అండి?" అని ఆయన అడిగెను. ప్రవక్త అట్లే అన్నాడని చెప్పితిని. మూడవ నెలలో గిన్నె వచ్చినప్పుడు ఆయన భార్య దానిని ముందుగా తాను తీసికొని, వాసన చూచి, ఆయన చేతికిచ్చెను.